ఆయ్ అంటే ఒప్పుకున్నట్టేనా?

కిందటి వారం పాలకొల్లు బజారులో ఇత్తడి సామాన్ల కొట్టు ముందు ఒక తెల్లకారు ఆగిందనీ, అందులోంచి జానకిరామ్ గారు ఒక కాలు కింద పెట్టారనీ చెప్పి ఊరుకున్నాం. పాపం, ఆ పెద్దమనిషి వారం రోజులుగా ఒక కాలు కారులోనూ ఒక కాలు రోడ్డు మీదా పెట్టుకుని ఎండలో ఉన్నారు. ముందు ఆయన్ని లోపలికి రానిద్దాం.

ఆయనెవరో మరిచిపోయిన వాళ్ళకీ, ఈ వారమే కథలోకి వచ్చిన వాళ్ళకీ రెండు ముక్కలు చెప్పాలి. కొట్టు వీరవెంకటసత్యనారాయణది. అంత పొడుగు పేరు బోర్డు మీద తప్ప ఎవరి నోట్లోనూ పట్టక, ఊరంతా ఆయన్ని సత్యం గారంటుంది. జానకిరామ్ ఆయనకి స్వయానా అన్నగారు, హైదరాబాదులో స్థిరపడి చాలా ఏళ్ళయింది. సత్యం గారి ఒక్కగానొక్క కూతురు దేవిశ్రీ ఇంటర్ లెక్కల గ్రూపులో మంచి మార్కులతో పాసైంది. ఇంకేముంది, ఇంజినీరింగే అని అందరూ అనుకుంటుంటే, ఆ పిల్ల రాజమండ్రి దగ్గర ఒక యూనివర్సిటీలో కమ్యూనికేషన్, మీడియా స్టడీస్ డిగ్రీకి అప్లై చేసి కూర్చుంది. రేపు పొద్దున్న పదింటికి అక్కడ ఇంటర్వ్యూ. తల్లిదండ్రుల్లో ఒకరు వెంట రావాలన్నారు. ఆ సంగతి నాన్నకి చెప్పింది. ఆయన "ఊఁ" అన్నారు. కథ ఇంతవరకూ సాఫీగానే నడిచింది. అప్పుడే కారాగింది.

దేవిశ్రీ కొట్టు మూల బల్ల దగ్గర కూర్చుని, ఎవరో గృహప్రవేశానికి కొన్న పళ్ళెం మీద మిషనుతో పేరు చెక్కుతోంది. ఆ మిషను జుయ్యిమంటుంటే మనిషి మాట మనిషికి వినపడదు. పెదనాన్న లోపలికొచ్చి ఏదో అన్నారు. ఆ పిల్లకి ఆయన పెదాలు కదలడమే కనిపించింది. మిషను ఆపేసింది.

"ఏరా సత్యం, స్వీటు తెచ్చాను. నోరు తియ్యన చేసుకోండి. అమ్మాయికి కంప్యూటర్ సైన్సులో సీటు ఖాయం చేయించేశాను. ఆ కాలేజీ కరెస్పాండెంటు మనకి బాగా కావాల్సినవాడు. రేపు పొద్దున్న వచ్చి చేరిపోతుందని మాటిచ్చేశాను."

సత్యం గారు కుర్చీలోంచి లేచి, అన్నగారి కోసం దాన్ని తన తుండుతో తుడిచి, "ఆయ్ అన్నయ్యా. కూర్చోండి," అన్నారు.

"రేపు నాకు రాజమండ్రిలో ఇంటర్వ్యూ ఉంది పెదనాన్నా," అంది దేవిశ్రీ.

ఆ మాట అన్న తీరు తనకే నచ్చలేదు. అదే మాట మళ్ళీ, ఈసారి నిలకడగా, ఆయన కళ్ళల్లోకి చూస్తూ చెప్పింది.

"ఇంటర్వ్యూ ఏంటమ్మా? మీ నాన్న నాతో ఒప్పుకుంటేను?"

"నాన్న ఒప్పుకున్నారా?"

"ఫోనులో వివరంగా మాట్లాడాను. ఇదీ కాలేజీ, ఇదీ బ్రాంచీ, హాస్టలు ఇదీ అని చెప్పాను. ప్రతిదానికీ ఆయ్ అన్నాడు. ఒక్కసారి కాదు. చెప్పిన ప్రతి మాటకీ ఆయ్ అన్నాడు. ఇంకేం కావాలి?"

ఆ మాట వినగానే దేవిశ్రీకి ఒక పక్క ఏడుపూ, ఒక పక్క నవ్వూ వచ్చాయి.

గోదావరి నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళకి ఈ 'ఆయ్' గురించి వివరించక్కర్లేదు. మిగతా వాళ్ళకి వివరించినా ఒక పట్టాన అర్థం కాదు. అది అవునూ కాదు, కాదూ కాదు. మీ మాట నా చెవిన పడిందండి, మీరు పెద్దవారండి, చెప్పండి వింటున్నానండి, ఇవన్నీ కలిపి ఒక్క ముక్కలో చెప్పడం. ఒక్కోసారి నిజంగానే అవునని కూడా దాని అర్థం. ఎప్పుడేదో అన్న గొంతు విరుపుని బట్టి తెలుసుకోవాలి. ఇక సత్యం గారి సంగతంటారా, ఆయన నోట్లో పుట్టిన మాటల్లో ముప్పాతిక వంతు అదే. రేటు దగ్గర తప్ప వద్దు, కాదు, కుదరదు అన్న మాటలు ఆయన నోట ఎవరూ వినలేదు. అన్నగారి దగ్గరైతే అసలే లేదు. తండ్రి చిన్నప్పుడే పోతే, వేలు పట్టుకుని బళ్ళో వేసి, ఈ కొట్టు నిలబెట్టి చేతిలో పెట్టిన మనిషి జానకిరామ్. ఆయన మాటకి ఎదురు చెప్పడమనే ఊహే సత్యం గారికి ఎప్పుడూ రాలేదు.

"సరే, వాడి సంగతి ఉంచు," అన్నారు జానకిరామ్, కుర్చీలో వెనక్కి వాలి. ఆయన చెడ్డమనిషి కాదు. తమ్ముడి కూతురు దారి తప్పిపోతోందన్న బెంగ ఆయనకి నిజంగానే ఉంది. "నువ్వు చెప్పు. మీడియా అంటే ఏంటి? టీవీ వాళ్ళ మైకు పట్టుకుని వరద నీళ్ళలో నడుం లోతున నిలబడ్డమా? ఆ చదువు చదివి బాగుపడిన వాళ్ళు ఈ ఊళ్ళో ఎవరున్నారు? ఒక్క పేరు చెప్పు."

"ఒక్కళ్ళూ లేరండి."

"మరి?"

"ఒకళ్ళు ఉండాలి కదండీ."

సత్యం గారు గల్లాపెట్టె మీదికి తల వంచేశారు. నవ్వు ఆపుకుంటున్నారో, భయపడుతున్నారో దేవిశ్రీకి అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు. లేచి పక్క అరలోంచి, ఒకదాంట్లో ఒకటి ఇమిడే ఇత్తడి డబ్బాల సెట్టు తెచ్చి పెదనాన్న ముందు బల్ల మీద పెట్టింది. అన్నిటికంటే చిన్నది తీసి ఆయన చేతికిచ్చింది.

"ఇది మొదటి ఏడండి. విన్నది విన్నట్టు రాయడం. ఇద్దరు పోట్లాడుకుంటే ఇద్దరి మాటా వినడం. నాకు కొంచెం వచ్చు, పేర్లు చెక్కించుకునే వాళ్ళు ఈ బల్ల దగ్గర చెప్పని కష్టం లేదు. తర్వాతి ఏడు గొంతు రికార్డు చెయ్యడం, కెమెరా, ఎడిటింగూ. అది మిషను పని, చేతికి అలవాటైతే వచ్చేస్తుంది." ఆ పిల్ల రెండో డబ్బా మూత తీసి ఆయన చేతిలోని చిన్నదాన్ని తీసుకుని అందులో వేసింది. "మూడో ఏడు ఊళ్ళెంట తిరిగి, ఏ మాట ఎవరికి ఎలా అర్థమవుతోందో కనుక్కోవడం. అదే నాకు కావాల్సింది పెదనాన్నా. నాలుగో ఏడు ఆనర్సు చేస్తే, చివర్లో మనమే ఒక పని పూర్తిగా చేసి చూపించాలి. ఏం పనో కూడా అనుకున్నాను."

"ఏం పని?"

దేవిశ్రీ ఈ మాట ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

"కిందటేడు తుఫానులో మా అమ్మమ్మ కాలు ఎందుకు విరిగిందో మీకు తెలుసాండి?"

అమ్మమ్మ సంపూర్ణమ్మది నరసాపురం దగ్గర పల్లెటూరు. అప్పట్నుంచీ ఆవిడ మంచం దిగాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి.

"రేకు ఎగిరొచ్చి తగిలిందన్నారు."

"రేకు సంగతి తర్వాతండి. అంత గాల్లో ఆవిడ బయటికి ఎందుకెళ్ళింది? టీవీలో 'తుఫాను తీరం దాటింది' అని చెప్పారు. విన్న వెంటనే చేతులు జోడించి, గండం దాటింది, ఇంక భయం లేదే అని ఆవు ఎలా ఉందో చూడ్డానికి పాక దగ్గరికెళ్ళింది. ఏరు దాటితే ఏరు వెనకబడిపోతుంది కదండీ, అలాగే అనుకుంది. తీరం దాటడమంటే తుఫాను సముద్రంలోంచి దాటి మన నెత్తి మీదకి రావడమని ఆవిడకి చెప్పినవాళ్ళు లేరు. టీవీ ఆవిడ తప్పు చెప్పలేదు. మా అమ్మమ్మ తప్పు వినలేదు. మధ్యలో కాలు విరిగింది."

గల్లాపెట్టె దగ్గర సత్యం గారి చెయ్యి కదలడం ఆగిపోయింది. అత్తగారి కాలు గురించి ఆయన ఈ మాట ఇప్పుడే వింటున్నారు.

"అది సరిచెయ్యాలండి," అంది దేవిశ్రీ. "ఈ డెల్టాలో అమ్మమ్మలకీ, చేపలవాళ్ళకీ, చేలో ఉన్నవాళ్ళకీ ఏ మాట చెప్తే తలుపేసుకుని లోపల ఉంటారో ఆ మాట కనిపెట్టాలి. దానికి చదువు కావాలి. ఆ చదువు రాజమండ్రిలో ఉంది."

జానకిరామ్ గారి చేతిలో, బల్ల మీంచి తీసుకున్న మూడో డబ్బా మూత అటూ ఇటూ తిరుగుతోంది. ఆయన కొంచెం మెత్తబడ్డారని చెప్పలేం గానీ, వెంటనే జవాబు మాత్రం దొరకలేదు. జవాబు దొరకని పెద్దవాళ్ళు ఏం చేస్తారో ఆయనా అదే చేశారు. మొదటికి వెళ్ళిపోయారు.

"అదంతా బానే ఉందమ్మా. కానీ మాటంటే మాటే కదా! మీ నాన్న నాకు ఆయ్ అన్నాడు. అది పట్టుకుని నేను ఇంకొకరికి మాటిచ్చాను. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నాన్న ఆయ్ అన్నారు గానీ ఒప్పుకోలేదండి."

"ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు కాదా?"

"కాదండి. విన్నట్టు."

"ఎవరు చెప్పారు?"

దేవిశ్రీ నోరు తెరిచేలోగా గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. పోడూరు అన్నపూర్ణమ్మ గారు లోపలికొచ్చారు. అల్లుడు కొత్తిల్లు కట్టాడు, గృహప్రవేశానికి బిందె కావాలి. దేవిశ్రీ పెదనాన్న వైపు తిరిగి చిన్నగా, "ఒక్క నిమిషం ఇది వినండి పెదనాన్నా," అంది.

అన్నపూర్ణమ్మ గారు బిందె చేతిలోకి తీసుకుని, తిప్పి, వేలితో కొట్టి చూశారు.

"పల్చగా ఉన్నట్టుందండీ?"

"ఆయ్," అన్నారు సత్యం గారు.

"ఇదివరకు మీ కొట్లో ఇంత పల్చనివి ఉండేవి కాదండి."

"ఆయ్."

"ఆ చివరి కొట్టులో ఇంతకంటే మందం బిందె, ఇంకా తక్కువకి ఇస్తున్నారంటండి."

"ఆయ్."

జానకిరామ్ గారు కుర్చీలో ముందుకి జరిగారు. సొంత సరుకుని ఇలా నేలకేసి రాస్తున్నా తమ్ముడు వరసగా ఒప్పేసుకోవడం చూసి ఆయనకి కాలూ చెయ్యీ ఆడ్డం లేదు.

"అయితే ఆ రేటుకే ఇచ్చేస్తారాండి మరి?"

"ఆయ్... కుదరదండి."

"కుదరదాండి?"

"ఆయ్."

అన్నపూర్ణమ్మ గారు ఇసుమంతైనా ఆశ్చర్యపోలేదు. అప్పటిదాకా ఆయన ఏదో ఒప్పుకున్నారని ఆవిడ అనుకుంటే కదా! "సరే అయితే, పేరు చెక్కి ఉంచండి, సాయంత్రం పట్టుకెళ్తాను. అల్లుడి పేరు అచ్చిబాబండి," అని చెప్పి, బిందెని దేవిశ్రీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

దేవిశ్రీ పెదనాన్న మొహం వైపు చూస్తూ నిలబడింది, అంతే. ఆయన కాసేపు బిందెనీ, కాసేపు తమ్ముణ్ణీ చూశారు. ఆయనా ఈ కొట్టు అరుగు మీద పెరిగిన మనిషే. ఈ బేరాలు ఆయన చెవులు వినని బేరాలు కావు. ఎక్కడో వదిలేసిన సంగతి ఒకటి చప్పున గుర్తొచ్చినట్టు, గడ్డం నిమురుకుంటూ పకపకా నవ్వారు.

"చంపావు కదే! నిజమే. హైదరాబాదులో ఉండి ఉండి, అవునంటే అవునే అనుకోవడం అలవాటైపోయింది."

"నేను చదవాలనుకుంటున్నది ఇదేనండి. ఒకళ్ళు అన్నది ఇంకొకళ్ళ చెవిలో పడేసరికి ఏమవుతోందో అది."

గెలిచేశాననుకుంది దేవిశ్రీ. మనం కూడా అలాగే అనుకున్నాం. కానీ జానకిరామ్ గారు అంత తేలిగ్గా లొంగే రకం కాదు. నవ్వుతూనే కళ్ళు చిన్నవి చేసి అడిగారు.

"బావుంది. మరి నీకేమన్నాడు మీ నాన్న? రాజమండ్రి వస్తానన్నాడా?"

"అన్నారండి. చెప్పగానే ఊఁ అన్నారు."

"ఊఁ అన్నాడా, ఊఁ కొట్టాడా?"

దేవిశ్రీ నాన్న వైపు తిరిగింది.

"మా అమ్మ కథ చెప్తుంటే వీడు నిద్రలో కూడా ఊఁ కొట్టేవాడే తల్లీ. రాజుగారు చచ్చిపోయాడన్నా ఊఁ, బతికొచ్చాడన్నా ఊఁ. నా ఆయ్ చెల్లకపోతే నీ ఊఁ మాత్రం ఎలా చెల్లుతుంది?"

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. అవును, నాన్న ఊఁ అన్నప్పుడు తను సంతోషంతో లోపలికి పరిగెత్తింది. ఆయన మొహం చూడలేదు. ఆయన ఇంకేమైనా అనబోయారో లేదో ఆగి వినలేదు. కావలసింది వినపడితే చాలని వెళ్ళిపోయింది. తుఫాను పోయిందనుకుని తలుపు తీసిన అమ్మమ్మకీ తనకీ ఏం తేడా? సిగ్గేసింది. అయినా తల దించుకోలేదు. తప్పు తెలిశాక దిద్దుకోవడమొక్కటే మిగులుతుంది.

నేరుగా గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నాన్నా. ఆ రోజు నీకు చెప్పాను గానీ నిన్ను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నేను రాజమండ్రిలో ఆ డిగ్రీ చదవనా? అవునంటే అవునను. కాదంటే కాదను. ఆయ్ అనొద్దు, ఊఁ అనొద్దు."

సత్యం గారు కూతురి వైపు చూశారు. అన్నగారి వైపు చూశారు. తుండుతో మొహం తుడుచుకున్నారు. ఇంటి వైపు తలుపులోంచి దేవిశ్రీ తల్లి లోవలక్ష్మి మజ్జిగ గ్లాసులతో వచ్చి, కొట్టులో గాలి చూసి అక్కడే ఆగిపోయింది. మొగుడి నోట్లోంచి మాట కోసం ఆవిడ కాపురానికొచ్చినప్పట్నుంచీ ఎదురుచూస్తూనే ఉంది, ఇంకాసేపు ఆవిడకో లెక్క కాదు.

"అన్నయ్యా," అన్నారు చివరికి. ఇంకోసారి అన్నారు. "అన్నయ్యా. ఫోన్లో నేను ఆయ్ అన్నమాట నిజం. ఒప్పుకుని కాదు, మీకు ఎదురు చెప్పలేక. ఇప్పుడు చెప్తున్నాను, ఏమనుకోకండి." ఆయన రెండు చేతులతో గల్లాపెట్టె అంచు గట్టిగా పట్టుకున్నారు. "ఇంజినీరింగు వద్దన్నయ్యా."

ఆ 'వద్దు' బయటికొచ్చాక ఆయనకే భయమేసినట్టుంది. కానీ వెనక్కి తీసుకోలేదు.

"దాన్ని రాజమండ్రి పంపుతాను. రేపు నేనే తీసుకెళ్తాను," అన్నారు.

దేవిశ్రీకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. నాన్న తన కోసం ఎంత దూరం వచ్చారో ఆ పిల్లకి తెలుసు. లోవలక్ష్మి మజ్జిగ గ్లాసు బావగారి చేతికి ఇవ్వబోయి మొగుడి చేతికిచ్చేసింది. తమ్ముడు తనని కాదనడం జానకిరామ్ గారికి ఇదే మొదలు. కోపం కంటే అది చిత్రంగా ఉంది ఆయనకి.

"ఇప్పుడే వాళ్ళకి ఫోను చేసి, నాన్నతో వస్తున్నానని చెప్పేస్తాను," అంది దేవిశ్రీ కళ్ళు తుడుచుకుంటూ. అందరూ వినాలని స్పీకరులో పెట్టింది. అవతల ఆఫీసులో ఒక అమ్మాయి ఎత్తింది. పేరు చెప్పగానే కాగితాలు తిరగేసిన చప్పుడు.

"దేవిశ్రీ, పాలకొల్లు... మేడం, మీ పేరు తీసేశామండీ. రేపటి ఇంటర్వ్యూలో మీరు లేరు."

"తీసేశారా? ఎందుకు?"

"కన్ఫర్మేషన్ కోసం మొన్న నేనే మీ ఫాదర్ నంబరుకి చేశాను. ఏమైనా వేరే కాలేజీలో చేరారా సార్ అని అడిగితే, ఆయ్ అన్నారు. అయితే మా దగ్గరికి రావట్లేదా సార్ అంటే, ఆయ్ అన్నారు. మీ అమ్మాయి పేరు తీసేయమంటారా అన్నాను. దానికీ ఆయ్ అన్నారు. చాలా మర్యాదగా మాట్లాడారు మేడం."

సత్యం గారి చేతిలో మజ్జిగ ఒలికింది. మొన్న కొట్టునిండా పెళ్ళివాళ్ళు. ఒక చేత్తో కంచాలు చూపిస్తూ, రెండో చేత్తో ఫోను చెవికి ఆనించి, ఎవరో మర్యాదగా మాట్లాడుతున్నారు కదాని ఆయనా మర్యాద చేశారు.

"మీది ఏ ఊరండి?" అని అడిగింది దేవిశ్రీ నెమ్మదిగా.

"మాది మదనపల్లె దగ్గర మేడం. కొత్తగా చేరాను. ఎందుకు?"

"ఏం లేదండి." ఆ పిల్ల కళ్ళు మూసుకుని తెరిచింది. అరిచి లాభం లేదు. "చూడండి, అది పొరపాటు. మా వైపు ఆ మాటకి అర్థం వేరు. నేను రావాలి. ఏం చెయ్యాలో చెప్పండి."

అవతల ఆ అమ్మాయి ఎవరితోనో మాట్లాడి మళ్ళీ వచ్చింది. "మీ తర్వాతి క్యాండిడేటుకి చెప్పేశాం మేడం, పదింటికి వాళ్ళొస్తారు. డిపార్టుమెంటు హెడ్ మేడం దానికి ముందే వస్తారు. మీ ఫాదరే వచ్చి, నాకు ఫోనులో ఏమన్నారో, ఎందుకన్నారో ఆవిడకి స్వయంగా చెప్పుకోవాలట. ఆయన మాట మీదే తీసేశాం కదా, ఆయన నోటితోనే చెప్పాలంటున్నారు. మీరు చెప్తే కుదరదట. రాసిచ్చినా కుదరదట. ఆయన చెప్తేనే మిమ్మల్ని మళ్ళీ ఇంటర్వ్యూకి పిలుస్తారట."

అవతల ఫోను పెట్టేశారు. కొట్టులో నలుగురూ నాలుగు దిక్కులు చూశారు.

"నోటితోనా?" అంది లోవలక్ష్మి. "పెళ్ళిచూపులప్పుడు అమ్మాయి నచ్చిందా అని మా నాన్న అడిగితే మీ నాన్న ఆయ్ అన్నారే. నచ్చిందనో, విన్నాననో నాకు ఇప్పటికీ తెలీదు."

నవ్వు రావలసిన మాటే గానీ ఎవరికీ రాలేదు. జానకిరామ్ గారు మాత్రం కుర్చీలోంచి లేచారు.

"సరే. రేపు తెల్లారేసరికి నా కారులోనే వెళ్దాం. ఆవిడ ముందు మీ నాన్న నోరు తెరిచి సరిగ్గా చెప్పాడా, నువ్వు ఆ చదువే చదువుకో. కరెస్పాండెంటుకి నేనేదో చెప్పుకుంటాను. ఈ జన్మలో మళ్ళీ అడ్డు రాను. చెప్పలేక ఆయ్ అని ఊరుకున్నాడో, అట్నుంచి అటే వెళ్ళి ఇంజినీరింగులో చేరతావు. ఏమంటావు?"

దేవిశ్రీ నాన్న వైపు చూసింది. ఆయన ఒలికిన మజ్జిగని తుండుతో తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నారు. ఆ వంచిన తల చూస్తే, తన నాలుగేళ్ళ చదువూ ఆ మనిషి నాలుక మీద వేలాడుతోందని తెలుస్తోంది. బేరం ఒప్పుకోకపోతే, పెదనాన్న ముందూ అమ్మ ముందూ ఆయన్ని నమ్మలేదని చెప్పినట్టే. ఇందాక ఆయన గల్లాపెట్టె పట్టుకుని 'వద్దు' అన్న గొంతు ఇంకా చెవుల్లో ఉంది.

"ఆయ్ పెదనాన్నా," అంది.

జానకిరామ్ గారు వేలు చూపించారు. "ఏ ఆయ్?"

"ఒప్పుకున్న ఆయేనండి."

పెదనాన్న కాళ్ళు కడుక్కోవడానికి లోపలికెళ్ళారు, అమ్మ ఆయన వెంట వెళ్ళింది. దేవిశ్రీ తన బల్ల దగ్గరికొచ్చి, అచ్చిబాబు పేరు చెక్కడానికి బిందెని దగ్గరికి లాక్కుంది. మిషను మీద చెయ్యి వేసి, ఏదో వినిపించి ఆగింది. నాన్న, కొట్టు మధ్యలో ఉన్న పెద్ద గంగాళం ముందు నిలబడి ఉన్నారు. చొక్కా గుండీ పెట్టుకుని, చేతులు కట్టుకుని, అందులో వంకరగా కనబడే తన మొహంతో మాట్లాడుతున్నారు.

"నమస్కారమండి. నా పేరు వీరవెంకటసత్యనారాయణండి. మాది పాలకొల్లండి. ఆ రోజు మీ ఆఫీసువాళ్ళు ఫోను చేసినప్పుడండి, నేను..."

అక్కడ ఆగిపోయారు. మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టారు. నమస్కారమండి, పేరు, ఊరు, అన్నీ సవ్యంగానే వచ్చాయి. మళ్ళీ ఆ 'నేను' దగ్గరికొచ్చి ఆగిపోయారు. తర్వాతి మాట దేవిశ్రీ నాలుక చివరే ఉంది. అందించాలని ప్రాణం కొట్టుకుపోతోంది. అందిస్తే అది తన మాటవుతుంది, రేపు హెడ్ మేడం ముందు చెల్లదు. పళ్ళు బిగపట్టుకుని, మిషను ఆన్ చెయ్యకుండా, ఊపిరి కూడా గట్టిగా తీసుకోకుండా కూర్చుంది.

"నేను..." అన్నారు సత్యం గారు మూడోసారి గంగాళంతో.

పెదాలు కదులుతున్నాయి. మాట మాత్రం ఇంకా రాలేదు.